కడుపు నిండినా చిక్కిపోయే ఆవు: పెద్ద పొట్టలోని బాక్టీరియాకు నత్రజని ఎక్కడిది?

సంక్రాంతి వెళ్లాక ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల ఏ ఊరు చూసినా గడ్డిమేట్లు నిండుగా కనిపిస్తాయి. కోతలైన మళ్లలో పశువుల్ని వదిలేస్తారు. మార్చి వచ్చేసరికి అక్కడ మేయడానికి మోళ్లు కూడా మిగలవు. ఇక తొలకరి పడేదాకా, అంటే మూడు నెలలకు పైగా, పశువుకు ఎండుగడ్డే దిక్కు. దానికి తోడు సాయంత్రం ఇంత కుడితి. గడ్డికి కరువేమీ లేదు. పశువు కడుపు నిండా తింటోంది, నెమరు వేస్తోంది. అయినా జూన్ నాటికి పక్కటెముకలు లెక్కపెట్టేలా తయారవుతుంది. పాలు అడుగంటుతాయి. ఎద కూడా సరిగ్గా రాదు.

మేత తింటూ కూడా చిక్కిపోతోందంటే కడుపులో పురుగులని కొందరు, దిష్టి అని కొందరు అంటారు. పురుగులు నిజంగానే ఉండొచ్చు, మందు వేయాల్సిందే. కానీ చాలా సాలల్లో అసలు సంగతి పేడలోనే తెలిసిపోతుంది. ఏప్రిల్ నెలలో పేడ గట్టిగా, పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పడుతుంది. కర్రతో విడదీసి చూస్తే వేలెడు పొడవు గడ్డి పీచులు చెక్కుచెదరకుండా ఉంటాయి. లోపలికి వెళ్లిన గడ్డి సగం అరిగీ అరగకుండానే బయటికి వచ్చేసిందన్నమాట. అరిగించాల్సిన వాళ్లు లోపల పస్తులుంటే జరిగేది ఇదే.

ఆ అరిగించే వాళ్లు బాక్టీరియా. ఆవుకు, గేదెకు, మేకకు గడ్డిలోని సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైములు సొంతంగా లేవు. పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. పెద్ద జాతి ఆవులో ఈ పొట్ట వంద లీటర్లకు పైగా పడుతుంది. మన నాటు ఆవుల్లో అంతకంటే చిన్నది. గాలి చొరబడదు, వేడి 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, పులుపు మరీ ఎక్కదు. ఆ ద్రవం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్ల నుంచి పది వేల కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి. వాటితో పాటు ప్రోటోజోవా, శిలీంధ్రాలు కూడా. గడ్డి పులిస్తే పుట్టే ఆమ్లాలే ఆవుకు శక్తి. ఇక ఈ బాక్టీరియా పెరిగి పెరిగి, నీటితో పాటు నాలుగో పొట్టలోకి జారి అక్కడ అరిగిపోతాయి. ఎండిన బాక్టీరియాలో దాదాపు సగం ప్రోటీనే. ఎండుగడ్డి మీద బతికే ఆవుకు దక్కే ప్రోటీన్‌లో చాలా భాగం ఇదే. గడ్డిలో అది లేకపోయినా ఆవు బతుకుతోందంటే ఈ ఏర్పాటు వల్లే.

కాబట్టి ఆవుకు ఏం పెట్టాలన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. బాక్టీరియాకు ఏం పెట్టాలి? గడ్డిలో వాటికి శక్తి ఉంది. లేనిది నత్రజని.

బాక్టీరియా అడిగేది అమ్మోనియా

ప్రోటీన్ అనగానే పప్పు, తెలకపిండి గుర్తొస్తాయి. బాక్టీరియాకు మాత్రం అంత ఖరీదైన సరుకు అక్కర్లేదు. అమెరికాలో రాబర్ట్ హంగేట్ గాలి సోకకుండా రూమెన్ సూక్ష్మజీవుల్ని గాజు గొట్టాల్లో పెంచే పద్ధతి కనిపెట్టాక, ఏ జాతి ఏం తింటుందో విడివిడిగా చూడడం కుదిరింది. ఆ దారిలో మార్విన్ బ్రయంట్, రాబిన్సన్ 1962లో వెలువరించిన ఫలితాలు ఇప్పటికీ ఆధారం. వాళ్లు పెంచిన రూమెన్ బాక్టీరియాలో దాదాపు ఐదింట నాలుగు వంతులు అమ్మోనియానే ముఖ్య నత్రజనిగా వాడుకుని పెరిగాయి. నాలుగో వంతుకైతే అమ్మోనియా లేకుండా పెరుగుదలే లేదు. ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు చేతికి అందించినా వాటికి చాలలేదు.

ఆ జాబితాలో గడ్డిని కొరికే జాతులు ఉండడం మనకు ముఖ్యం. పీచును విడగొట్టడంలో ముందుండే రూమినోకాకస్ ఆల్బస్, రూమినోకాకస్ ఫ్లావెఫేసియెన్స్, ఫైబ్రోబాక్టర్ సక్సినోజెనిస్ మూడూ అమ్మోనియా మీదే ఆధారపడతాయి. ఎండుగడ్డి తినే ఆవుకు పనికొచ్చే బాక్టీరియా ఇవే. అమ్మోనియా తగ్గితే ముందు దెబ్బ తగిలేదీ వీటికే. పిండి పదార్థం, చక్కెర తినే జాతుల సంగతి కొంచెం వేరు. వాటికి అమ్మోనియాతో పాటు పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ ముక్కలు, అమైనో ఆమ్లాలు కూడా దొరికితే జోరుగా పెరుగుతాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రసెల్ బృందం 1992లో ప్రకటించిన నమూనా ఈ తేడాను లెక్కలోకి తీసుకుంది. పీచు తినేవి అమ్మోనియానే వాడతాయని, పిండి తినేవి తమ నత్రజనిలో మూడింట రెండు వంతుల దాకా పెప్టైడ్లు, అమైనో ఆమ్లాల నుంచి తీసుకుంటాయని అందులో ఉంది. ప్రివోటెల్లా లాంటి బాక్టీరియా విడి అమైనో ఆమ్లాల కంటే పెప్టైడ్లనే ఇష్టంగా లోపలికి లాక్కుంటాయి.

పీచు బాక్టీరియాకు ఇంకో చిన్న కోరిక ఉంది. అమ్మోనియా నుంచి అమైనో ఆమ్లాలు కట్టుకోవడానికి కొన్ని శాఖల కొవ్వు ఆమ్లాలు కావాలి. ఐసోబ్యుటిరేట్, ఐసోవాలెరేట్, 2-మిథైల్ బ్యుటిరేట్ అలాంటివి. ఇవి వేలిన్, లూసిన్, ఐసోలూసిన్ విరిగినప్పుడు పుడతాయి. అంటే పొట్టలో ఎంతో కొంత నిజమైన ప్రోటీన్ విరుగుతూ ఉండాలి. పొట్టలో అమ్మోనియాగా మారే యూరియా ఒక్కటే పోస్తే కథ సగంలో ఆగిపోయేది ఇందుకే. గుప్పెడు తెలకపిండో, పప్పు పొట్టో పక్కన ఉంటే అదే యూరియా ఇంకా బాగా పనిచేస్తుంది.

అమ్మోనియా బాక్టీరియా కణంలోకి వెళ్లాక గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లంగా మారుతుంది. అక్కడి నుంచే మిగతావన్నీ. అమ్మోనియా పుష్కలంగా ఉంటే ఒక ఎంజైము తక్కువ ఖర్చుతో ఈ పని కానిచ్చేస్తుంది. కరువొచ్చినప్పుడు కణం వేరే ఎంజైముల జంటను తెరమీదికి తెస్తుంది. అది చిటికెడు అమ్మోనియాను కూడా పట్టుకోగలదు గానీ దానికి శక్తి ఖర్చవుతుంది. ఎండాకాలంలో పొట్టలోని బాక్టీరియా ఈ ఖరీదైన దారిలోనే బతుకుతుంటుంది. పెరగడానికి పోవాల్సిన శక్తి నత్రజనిని వెతుక్కోవడానికి పోతుంది.

గాలిలో ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా నత్రజనే కదా, అది వాడుకోలేవా అని కొందరు అడుగుతారు. పప్పు ధాన్యాల వేరు బుడిపెల్లో జరిగే ఆ పని రూమెన్‌లో చెప్పుకోదగ్గంత జరగదు. ఆ ఆశ వదులుకోవాలి.

ఈ మాట ఎప్పటిది

యూరియా లాంటి ప్రోటీన్ కాని నత్రజనిని పశువు పొట్టలోని సూక్ష్మజీవులు వాడుకుంటాయని జర్మనీ శాస్త్రవేత్త జుంట్జ్ 1891లోనే ఊహించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మేత కరువైన జర్మన్లు యూరియా పెట్టి చూశారు కూడా. తేల్చి చెప్పింది మాత్రం 1949లో. కార్నెల్‌లో లూస్లీ బృందం గొర్రెలకు నత్రజని యూరియా రూపంలోనే ఇచ్చింది. గొర్రెకు అత్యవసరమైన పది అమైనో ఆమ్లాలూ పొట్టలోనే తయారైనట్టు తేలింది. తర్వాత ఫిన్లాండ్‌లో ఆర్టురి విర్టనెన్ ఇంకో అడుగు వేశాడు. పశుగ్రాసం నిల్వ పద్ధతికి 1945లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. 1966లో ప్రకటించిన ప్రయోగంలో పాడి ఆవులకు ప్రోటీన్ అనేదే లేకుండా, శుద్ధి చేసిన పిండి, చక్కెర, సెల్యులోజ్‌తో పాటు యూరియా, అమ్మోనియం లవణాలు పెట్టాడు. వాటిలో ఏడాదికి 4 వేల కిలోలకు పైగా పాలిచ్చిన ఆవు కూడా ఉంది. ఇంట్లో ఎవరూ ఇలా మేపక్కర్లేదు. కానీ ఆవుకు ప్రోటీన్ తయారుచేసి పెట్టేది ఎవరో దీంతో అనుమానం లేకుండా తేలిపోయింది.

ఎంత అమ్మోనియా ఉంటే చాలు? శాటర్, స్లైటర్ 1974లో లీటరు రూమెన్ ద్రవానికి 50 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఉంటే బాక్టీరియా ప్రోటీన్ తయారీ గరిష్ఠానికి చేరుతుందని చూపించారు. అది ప్రయోగశాలలో, గాజు పాత్రల్లో తేలిన అంకె. ఆస్ట్రేలియాలోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో రాన్ లెంగ్ బృందం ముతక గడ్డి తినే పశువుల్లో చూస్తే, మేత ఎక్కువ తినాలన్నా, పీచు బాగా అరగాలన్నా 200 మిల్లీగ్రాముల దాకా కావాల్సి వచ్చింది. ఎండుగడ్డి ప్రాంతాలకు ఈ రెండో అంకే దగ్గరగా ఉంటుంది. మేతలో ముడి ప్రోటీన్, అంటే నత్రజనిని బట్టి లెక్కగట్టే ప్రోటీన్, ఏడు శాతం కంటే తగ్గితే పశువు తినే మేతే తగ్గిపోతుందన్నది ఉష్ణమండల పచ్చిక బయళ్లలో పదే పదే కనిపించిన విషయం. వరిగడ్డిలో ఉండేది మూడు నుంచి నాలుగు శాతం.

ఐదు కిలోల గడ్డి లెక్క

ఇప్పుడు సాలలోకి వద్దాం. 200 కిలోల బరువున్న నాటు ఆవు రోజుకు 5 కిలోల వరిగడ్డి తింటుందనుకుందాం. అందులో మూడున్నర శాతం ముడి ప్రోటీన్ అంటే 175 గ్రాములు. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని కాబట్టి 28 గ్రాముల నత్రజని. ఇందులోనూ సగం దాకా పీచుకు అతుక్కుపోయి బాక్టీరియాకు అందదు. చేతికొచ్చేది 14 గ్రాములే.

మరి కావాల్సింది? పొట్టలో ఒక కిలో సేంద్రియ పదార్థం పులిస్తే బాక్టీరియా 25 నుంచి 30 గ్రాముల నత్రజనిని ఒంట్లో కలుపుకోగలదు. ఆ గడ్డిలో కిలోన్నర పులుస్తుందనుకున్నా 40 గ్రాములు కావాలి. లోటు 25 గ్రాములకు అటూ ఇటూ.

ఆవు ఒళ్లు ఈ లోటును చూస్తూ ఊరుకోదు. కాలేయంలో తయారైన యూరియాను మూత్రంలో పారబోయకుండా లాలాజలంతోనూ, పొట్ట గోడల గుండానూ తిరిగి రూమెన్‌లోకే పంపుతుంది. గోడకు అంటుకుని ఉండే బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా విడగొడుతుంది. మేతలో ప్రోటీన్ తగ్గేకొద్దీ ఈ వెనక్కి పంపడం పెరుగుతుంది. మన నాటు పశువులు, మేకలు ఇంత ముతక మేత మీద నెగ్గుకొస్తున్నాయంటే ఈ పొదుపు చాలా వరకు కారణం. కానీ ఎంత పొదుపు చేసినా రాబడి లేని ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

యూరియాలో 46 శాతం నత్రజని. అంటే 50 గ్రాముల యూరియాలో 23 గ్రాములు. లోటు దాదాపు పూడుతుంది. అదే 23 గ్రాములు వేరుశనగ చెక్క నుంచి రావాలంటే 350 గ్రాములు పెట్టాలి. రెండింటి ధర ఏ కొట్లో అడిగినా తేడా అర్థమవుతుంది. అలాగని రెండూ ఒకటే అనుకోకూడదు. చెక్కలో పెప్టైడ్లు, శక్తి, ఇందాక చెప్పుకున్న శాఖల ఆమ్లాలు కూడా వస్తాయి. యూరియాలో నత్రజని తప్ప ఇంకేమీ లేదు. గంధకం అసలే లేదు. బాక్టీరియా ప్రోటీన్‌లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి పది పాళ్ల నత్రజనికి ఒక పాలు గంధకం ఉండేలా చూడాలి. ఖనిజ లవణ మిశ్రమం కలిపితే ఆ సంగతి తీరుతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ 50 గ్రాములు రోజు మొత్తానికి, నాలుగైదు దఫాలుగా, గడ్డిలో సమంగా కలిసి పోవాలి. అలవాటు లేని పశువు కిలో బరువుకు 0.3 గ్రాముల యూరియా ఒక్కసారిగా తింటేనే విషమయ్యే ప్రమాదం ఉంది. 200 కిలోల ఆవుకు అది 60 గ్రాములు. మేలు చేసే మోతాదుకూ ముంచే మోతాదుకూ మధ్య దూరం అంతే.

నత్రజని ఉన్నా శక్తి లేకపోతే

పొట్టలో యూరియా గంటలోపే అమ్మోనియా అయిపోతుంది. గడ్డిలోని సెల్యులోజ్ విరగడానికి రోజులు పడుతుంది. కూర పొద్దున్న వడ్డించి అన్నం సాయంత్రం పెట్టినట్టుంటుంది. ఆ లోపు వాడుకోలేని అమ్మోనియా పొట్ట గోడల గుండా రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి పోతుంది. కాలేయం శక్తి ఖర్చుపెట్టి దాన్ని మళ్లీ యూరియా చేసి మూత్రంలోకి తోసేస్తుంది. సాలలో ముక్కుపుటాలదిరే వాసన వస్తోందంటే మనం కొన్న నత్రజని నేలపాలైందనే అర్థం.

దీనికి మందు త్వరగా పులిసే శక్తిని కూడా దగ్గర పెట్టడం. ఈ సరిహద్దు ఊళ్లలో అందుకు దారులు లేకపోలేదు. మిల్లు తవుడు ఉంది, గంజి ఉంది, రాగి పిండి కలిపిన కుడితి ఉంది. రాయగడ, కొరాపుట్ వైపు ఇప్పపువ్వు రాలే కాలం సరిగ్గా మార్చి, ఏప్రిల్ నెలలే. ఎండిన ఇప్పపువ్వులో సగానికి మించి చక్కెరలే ఉంటాయి. చెట్టు కింద రాలినవి పశువులు వాటంతట అవే ఏరుకుని తింటాయి. సాల దగ్గర గుప్పెడు గుప్పెడుగా వేస్తే చాలు, తట్టలకొద్దీ పెడితే పొట్ట పులిసిపోతుంది. చెరకు మడ్డి, అంటే మొలాసిస్, దీనికి అన్నిటికంటే పేరున్నది గానీ పల్లె కొట్లో దొరికే సరుకు కాదు. నాసి బెల్లం నీళ్లు ఆ పని చేస్తాయి.

లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక పాలు యూరియాను మూడు పాళ్ల మొలాసిస్‌తో కలిపి వేడిచేసి యూరోమాల్ తయారుచేసింది. యూరియా విడుదల నెమ్మదించాలన్నదే ఉద్దేశం. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి 1980లలో యూరియా, మొలాసిస్, ఖనిజాలు కలిపిన నాకుడు దిమ్మల్ని ప్రచారంలోకి తెచ్చింది. దిమ్మ గట్టిగా ఉంటుంది కాబట్టి పశువు కొరకలేదు, నాకుతుంది. నాలుకే మోతాదు చూసుకుంటుంది. నెమ్మదిగా, రోజంతా, చక్కెరతో కలిసి నత్రజని అందుతుంది. ఆలోచనగా చూస్తే ఇంతకంటే తెలివైన పరికరం ఈ రంగంలో రాలేదనిపిస్తుంది. వాన తగిలి మెత్తబడితే మాత్రం అదే దిమ్మను పశువు నమిలి మింగేస్తుంది. చూరు కింద కట్టడం అందుకే.

తెలకపిండి ఎప్పుడు పెట్టాలి

గోలెంలో నానబెట్టిన తెలకపిండి రెండు పూటలా పాలు పితికేటప్పుడు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ వేరుశనగ చెక్కలోని ప్రోటీన్‌లో చాలా భాగం పొట్టలో తొందరగా విరిగిపోయే రకం. ముప్పావు కిలో ఒకేసారి పోస్తే గంటా రెండు గంటల్లో అమ్మోనియా పొంగుతుంది, మిగతా రోజంతా పొట్ట ఖాళీ. అమైనో ఆమ్లాలను శక్తి కోసం విరగ్గొట్టి అమ్మోనియాను వదిలేయడమే పనిగా పెట్టుకున్న కొన్ని జాతులు కూడా రూమెన్‌లో ఉన్నాయి. రసెల్ బృందమే 1980లలో వాటిని వేరుచేసింది. సంఖ్యలో తక్కువే గానీ నష్టం తక్కువేం కాదు. ఖరీదైన చెక్క యూరియాలాగే ఖర్చవుతుంటే ఇక దాన్ని కొని ఏం లాభం?

అందుకే వరస మార్చాలి. ముందు చవకైన నత్రజనితో గడ్డి బాక్టీరియాకు కడుపు నింపాలి. ఆ తర్వాతే చెక్కకు పెట్టిన డబ్బు పాలల్లో కనిపిస్తుంది. రాయగడ, గుణుపురం వైపు పత్తి వేస్తారు కాబట్టి పత్తి చెక్క దొరుకుతుంది. అది వేరుశనగ చెక్క కంటే నెమ్మదిగా విరుగుతుంది, కొంత ప్రోటీన్ పొట్టను దాటి నేరుగా పేగులకు చేరుతుంది. కొరాపుట్ కొండల్లో గానుగ ఆడించిన వలిసెల చెక్క దొరికితే వదులుకోకూడదు. ఎక్కువ పాలిచ్చే సంకర జాతి ఆవుకు పొట్టను దాటే ప్రోటీన్ నిజంగా అవసరం. రోజుకు లీటరున్నర ఇచ్చే నాటు ఆవుకు ఆ లెక్కలు దండగ.

ఇక్కడ కొట్ల వాళ్ల మాట ఒకటి వినిపిస్తుంటుంది, దాణా బస్తా మీద ప్రోటీన్ 20 శాతం అని ఉంటే మంచిదని. ముడి ప్రోటీన్ అంటే నత్రజనిని 6.25తో గుణించిన అంకె మాత్రమే. అందులో యూరియా వాటా ఎంతో, నిజం ప్రోటీన్ ఎంతో ఆ అంకె చెప్పదు. కిలో యూరియా లెక్క కడితే 2.9 కిలోల ముడి ప్రోటీన్ అవుతుంది మరి!

ఆకుల సాయం

డబ్బు పెట్టకుండా దొరికే నత్రజని ఆకుల్లో ఉంది. రాయగడ దగ్గరి కాగితపు మిల్లు కోసం ఈ చుట్టుపక్కల సుబాబుల్, సరుగుడు, నీలగిరి తోటలు చాలానే వేశారు. సుబాబుల్ ఆకులో ఎండు బరువు మీద 20 నుంచి 25 శాతం ముడి ప్రోటీన్ ఉంటుంది. గట్ల మీద వేసే గ్లిరిసిడియా, పెరట్లో అవిశె కూడా ఆ స్థాయివే. రోజూ రెండు మూడు కిలోల పచ్చి ఆకు గడ్డిలో కలిపితే అమ్మోనియాతో పాటు పెప్టైడ్లు, గంధకం, విటమిన్లు కూడా వస్తాయి. గ్లిరిసిడియా వాసన పశువుకు మొదట్లో నచ్చదు. కోసి ఒక పూట వాడ్చి వేస్తే తింటుంది.

సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది. ఆస్ట్రేలియాలో ఎక్కువగా మేపిన పశువులకు వెంట్రుకలు రాలి, గొంతు గ్రంథి ఉబ్బేది. హవాయి మేకలకు ఈ జబ్బు రావడం లేదని గమనించిన రేమండ్ జోన్స్, వాటి పొట్టలోని ద్రవాన్ని 1980ల మొదట్లో ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించాడు. జబ్బు పోయింది. విషాన్ని విరగ్గొట్టిన ఆ బాక్టీరియాకు 1992లో సినర్జిస్టిస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు. ఏదేమైనా మేతలో మూడో వంతుకు మించి సుబాబుల్ వద్దు. అడవి ఆకులు కొన్నిటిలో వగరు, అంటే టానిన్లు, ఎక్కువ. అవి ప్రోటీన్‌ను పట్టి ఉంచి బాక్టీరియాకు అందనివ్వవు. ఆకులో ప్రోటీన్ ఉందని పరీక్షలో తేలినా పొట్టలో ఫలితం కనిపించకపోవడానికి అదొక కారణం.

యూరియా గడ్డి ఎందుకు నిలబడలేదు

గడ్డికి యూరియా పట్టించే పద్ధతి ఇది: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ కప్పి మూడు వారాలు ఉంచాలి. అమ్మోనియా గడ్డిలోని కట్లు సడలిస్తుంది, పీచు మెత్తబడుతుంది, ముడి ప్రోటీన్ ఏడెనిమిది శాతానికి చేరుతుంది. మేటు విప్పినప్పుడు కళ్లు మండేంత ఘాటు వస్తుంది. ఒక పూట ఆరబెట్టి వేస్తే పశువు ఇష్టంగా తింటుంది. ఎండుగడ్డి పసుపు రంగు పోయి బెల్లం రంగుకు తిరగడమే సరిగ్గా కుదిరిందనడానికి గుర్తు.

ఇంత బాగున్నది నలభై ఏళ్లుగా శిక్షణ తరగతుల్లోనే ఉండిపోయింది. రైతు మొండితనం అని అధికారులు అనేస్తారు. అది సరికాదు. గడ్డికి యూరియా పట్టించాల్సిన కాలం నీళ్లకు కటకటలాడే కాలమే. 50 లీటర్లు అంటే బోరు దగ్గర నుంచి మోసుకొచ్చే బిందెలు, మోసేది ఆడవాళ్లు. పాలిథిన్ పట్టా కొనాలి. మేటు విప్పగానే వేసిన యూరియాలో సగానికి పైగా గాలిలో కలిసిపోతుంది. రాయితీ యూరియా పైరు కోసం ఇచ్చేది, ఖరీఫ్‌లో బస్తా కోసం లైన్లో నిలబడ్డ ఇంట్లో నాలుగు కిలోలు గడ్డికి తీయమంటే ఎవరు తీస్తారు? కరపత్రాలు కూడా ఒడియాలో ఉంటాయి, ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్లకు అవి అందవు. రోజుకు లీటరున్నర పాలకు ఇంత టెన్షన్ ఎందుకని వదిలేస్తారు. లెక్క చూస్తే వాళ్లదే న్యాయం. ఒకటి రెండు నాటు పశువులున్న ఇంటికి యూరియా గడ్డి కంటే గట్టు మీద పది గ్లిరిసిడియా కొమ్మలు, చూరుకు ఒక నాకుడు దిమ్మ తేలికైన దారి. నాలుగైదు పాడి గేదెలు, బోరు, కూలీ ఉన్నవాళ్లకే యూరియా గడ్డి కిట్టుబాటు.

విషం సంగతి

యూరియా వాడే ఇంట్లో అందరికీ తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు, వాటి పొట్ట ఇంకా తయారు కాలేదు. నీళ్లలో కలిపి తాగించకూడదు, కుడితిలో అసలే వద్దు. మొత్తం ఎండు మేతలో ఒక శాతం దాటకూడదు. రెండు మూడు వారాల పాటు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి, మధ్యలో నాలుగు రోజులు మానేస్తే మళ్లీ మొదటి నుంచి. ఆకలి మీద ఉన్న పశువుకు పెట్టకూడదు. పచ్చి సోయా గింజల్లో యూరియాను క్షణాల్లో విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, వాటితో కలపకూడదు. బస్తా పశువుకు అందేచోట ఉంచితే చాలు, ఒక ప్రాణం పోయినట్టే.

ఎక్కువైతే అరగంట, గంటలోనే తెలుస్తుంది. నోటి నుంచి చొంగ, ఒళ్లు వణుకు, కడుపు ఉబ్బరం, ఆయాసం, తూలి పడిపోవడం. పొట్టలో క్షార గుణం పెరిగి అమ్మోనియా రక్తంలోకి దూసుకుపోవడమే దీనికి మూలం. కొన్ని లీటర్ల వెనిగర్ చాలా చల్లని నీళ్లతో తాగిస్తే పొట్ట పులుపెక్కి అమ్మోనియా ఆగుతుంది. తూలే పశువుకు బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి గొట్టంతో వేయగల పశువైద్యుణ్ణి వెంటనే పిలవడం మేలు.

వానలు పడ్డాక

జూన్ ఆఖరుకి వంశధార గట్ల మీద, కొండ వాలుల్లో లేత గడ్డి లేస్తుంది. ఇప్పుడు లెక్క తలకిందులు. లేత గడ్డిలో నత్రజని ఎక్కువ, అందులో చాలా భాగం నీళ్లలో కరిగిపోయే రకం. పీచు తక్కువ. రూమెన్‌లో అమ్మోనియా పొంగుతుంది, దాన్ని పట్టుకునేంత శక్తి బాక్టీరియా దగ్గర ఉండదు. పేడ పలచగా జారుతుంది. మూడు నెలలు మాడిన పశువు పచ్చిక చూసి ఎగబడుతుంది కూడా. జొన్న పిలకలు వేసిన చోట నైట్రేటు భయం, అవే పిలకల్లో సైనైడ్ భయం వేరే ఉన్నాయి.

ఈ రోజుల్లో యూరియా, దిమ్మ, చెక్క మూడూ తగ్గించేయొచ్చు. కావాల్సింది తవుడు, రాగి పిండి, పాత ఎండుగడ్డి. పొద్దున్న మేతకు తోలే ముందు సాలలో రెండు మూడు కిలోల ఎండుగడ్డి తినిపిస్తే చాలా ఇళ్లలో పేడ నాలుగైదు రోజుల్లోనే గట్టిపడుతుంది. అందుకని ఏప్రిల్‌లో గడ్డిమేటు మొత్తం ఊడ్చేయకుండా, జులై కోసం ఒక మూల మిగుల్చుకోవాలి.